ఎనిమిదో మీట

రేవు పట్టణం కీలుంగ్‌లో వాన పడని రోజున జనం ఆకాశాన్ని అనుమానంగా చూస్తారు. లియావ్ జిన్‌షుయ్ మాత్రం అలాంటి రోజున కూడా గొడుగు పట్టుకునే బయలుదేరేవాడు. ఏ యంత్రాన్నీ, ఏ మబ్బునీ మాట మీద నమ్మకూడదన్నది నలభై ఏళ్ల వృత్తి ఆయనకు నేర్పిన నీతి.

రేవు వెనక వీధిలో, వసారా కింద, చేప ఉండల కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య ఆయన రిపేరు దుకాణం. మొదట రేడియోలు బాగుచేశాడు. తరవాత టీవీలు, ఆ తరవాత వీడియో ప్లేయర్లు, చివరికి కంప్యూటర్లు. ఆయన చేయి తిరిగేసరికల్లా ఆ వస్తువు లోకం నుంచి సెలవు తీసుకునేది.

"నువ్వు ముట్టుకున్నది ఏదీ పదేళ్లు బతకదురా" అనేవాడు చిన్ననాటి స్నేహితుడు వాంగ్‌లాయ్, అనగలిగిన రోజుల్లో.

దుకాణం తలుపు మీద రెండు బోర్డులుండేవి. పైది పెద్ద అక్షరాలతో: 'దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించబడదు. దయచేసి అడగవద్దు.' కిందిది చిన్న అక్షరాలతో: 'లినక్స్ ఉచితం. దయచేసి అడగండి.' పదిహేడేళ్లలో మొదటిది అడగని మనిషి లేడు. రెండోది పదకొండు మంది అడిగారు. అందులో నలుగురు దారి తప్పి, రైలు స్టేషన్ ఎటు అని అడగబోయి, మొహమాటానికి అడిగారు.

జిన్‌షుయ్ నిరాశపడలేదు. మతం పుచ్చుకున్నవాడికి జనాభా లెక్కలతో పనేమిటి? ఎవడో ఎక్కడో రాసి, పైసా అడక్కుండా లోకం ముందు పెట్టేసిన, కంప్యూటర్ని నడిపే సిస్టం లినక్స్. మూత విప్పి లోపల చూడొచ్చు, మార్చొచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. రేడియో వెనక అట్ట విప్పి చూడటంతో జీవితం మొదలుపెట్టిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? నెలకోసారి తైపేలో లినక్స్ వాళ్ల సంఘం కూడేది. పదిహేను మంది, ఒక వేడినీళ్ల ఫ్లాస్కు, ఒక ప్రొజెక్టరు. ఆ ప్రొజెక్టరు లినక్స్‌తో పనిచెయ్యదు. సమావేశంలో మొదటి గంట దానికే పోయేది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి జిన్‌షుయ్ దుకాణం షట్టరు సగం దించి, ఆట తెరిచేవాడు.

అరవై రెండేళ్ల మనిషి ఆటలేమిటని చెప్పుల కొట్టు ఆవిడ ముక్కున వేలేసుకునేది. ఆవిడకి సంగతి తెలియదు.

కో వాంగ్‌లాయ్, జిన్‌షుయ్ ప్రాథమిక పాఠశాలలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. వాంగ్‌లాయ్ రేవులో క్రేన్ నడిపేవాడు. ఏడో నంబరు క్రేన్. ముప్పై నాలుగేళ్లు భూమికి పన్నెండంతస్తుల ఎత్తున కూర్చుని, కిందనున్న సమస్త జనాన్నీ మైకులో తిట్టిన మనిషి. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. ఎడమ చేతి చూపుడువేలు, బొటనవేలు మిగిలాయి. కొండ మీది సంరక్షణ కేంద్రంలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఆ కిటికీలోంచి రేవు కనబడదు. వెనకనున్న కొండ కనబడుతుంది.

మొదట్లో జిన్‌షుయ్ ఆదివారాలు వెళ్లేవాడు. వాంగ్‌లాయ్ మొహం గోడకి తిప్పుకునేవాడు. పెదవి చివర కారే చొంగని స్నేహితుడు చూడకూడదని. గంటసేపు ఒకాయన గోడని, ఇంకొకాయన ఆయన వీపుని చూస్తూ కూర్చునేవాళ్లు. అలా ఆరు ఆదివారాలయ్యాక జిన్‌షుయ్ ఒక పాత కంప్యూటరు భుజాన వేసుకుని కొండెక్కాడు.

'ఏడు రేవుల దీవి' అని ఒక ఆట ఉంది. వేలమంది ఒకేసారి ఆడేది. అందులో కొండలెక్కొచ్చు, ఈత కొట్టొచ్చు, దొంగల్ని నరకొచ్చు. ఏమీ చెయ్యడం ఇష్టం లేనివాళ్లు రేవులో కూర్చుని చేపలు పట్టొచ్చు. పక్షవాతానికి ముందు ఇద్దరూ ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుని ఆడినదే. చిక్కల్లా ఏమిటంటే ఆ ఆట లినక్స్ మీద ఆడదు. పెద్ద కంపెనీ వాళ్ల సిస్టం కోసం చేసినది. ఆ సిస్టమేమో ఈ పాత యంత్రాన్ని చూసి, 'నీ వయసుకి నేను తగను' అని మొహం మీదే చెప్పింది.

పదకొండు రోజులు పట్టింది. లినక్స్ మీద ఆ ఆటని మభ్యపెట్టి నడిపించే ఒక దుబాసీ ప్రోగ్రాం ఉంది. ఆట దాని భాషలో ఏదో అడుగుతుంది, ఇది తిరగేసి లినక్స్‌కి చెబుతుంది. దాన్ని ఎక్కించబోతే, పెళ్లికి ఒక్కరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు, తొంభై మూడు ప్యాకేజీలు వెంట వచ్చాయి. అందులో రెండిటికి ఒకదాని పొడ ఒకదానికి గిట్టదు. రెండో రోజు శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు. అయిదో రోజు బొమ్మ వచ్చింది, అక్షరాలన్నీ ఖాళీ పెట్టెలుగా వచ్చాయి. దీవిలో ప్రతి మనిషీ నోరు తెరిచి పెట్టెలు కక్కుతున్నాడు. తొమ్మిదో రోజు అన్నీ వచ్చి, సముద్రం రాలేదు. రేవు చుట్టూ శూన్యం.

పదకొండో రోజు సముద్రం వచ్చింది. వాంగ్‌లాయ్ తల గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

మిగిలిన రెండు వేళ్లతో నడవగలడు, గాలం వెయ్యగలడు. అక్షరం అక్షరం కూర్చి మాటలు టైపు చెయ్యడం మాత్రం ఆ వేళ్ల వల్ల కాదు. అప్పుడు జిన్‌షుయ్ ఎనిమిది మీటల పథకం వేశాడు. కీబోర్డు పైవరసలో ఎనిమిది మీటలు. ఒక్కొక్క మీటకి ఒక్కొక్క వాక్యం. మీట నొక్కితే ఆటలో వాంగ్‌లాయ్ మనిషి ఆ వాక్యం పలుకుతాడు. ఏయే వాక్యాలన్నది రెండు మధ్యాహ్నాలు చర్చించారు. జిన్‌షుయ్ చదవడం, సరే అయితే వాంగ్‌లాయ్ రెప్ప వెయ్యడం.

"'దేవుడు మేలు చేయుగాక' పెట్టనా?"

రెప్ప పడలేదు.

"మరి ఏం కావాలిరా? తిట్టా?"

రెప్ప వెంటనే పడింది.

అలా మొదటి మీట 'భోంచేశావా?' రెండోది 'ఆగు, వస్తున్నా.' మూడోది 'నీ మొహం!' నాలుగోది 'చేప పడింది.' అయిదోది 'అటు పోదాం.' ఆరోది 'వద్దు.' ఏడోది 'వాన ఆగిందా?' ఎనిమిదోది 'ఇవాళ్టికి చాలు.' ముప్పై నాలుగేళ్ల మైకు ఎనిమిది వాక్యాలకి కుదించుకుపోయింది. అందులో మూడో మీట మీది అంకె మూడు నెలల్లో అరిగిపోయింది.

చివరి పనిగా జిన్‌షుయ్ యంత్రం నెత్తిన ఆకుపచ్చ పొట్లం పెట్టాడు. మొక్కజొన్న చిరుతిండి. 'బుద్ధిగా ఉండు' అన్నది దాని పేరే. యంత్రాలు మొరాయించకుండా ఆ దేశంలో బ్యాంకుల సర్వర్ల మీదా, ఆసుపత్రి యంత్రాల మీదా పెట్టేదే. రంగు పచ్చగా ఉండాలి. గడువు తేదీ దాటకూడదు. తినకూడదు. జిన్‌షుయ్‌కి మూఢనమ్మకాలు లేవు. ఆయన దుకాణంలో కూడా ఒకటి ఉండేది.

ఆపైన రెండేళ్లు, రోజూ మూడింటికి, 'ఏడో నంబర్ క్రేన్' అనే ఒక దిట్టమైన మనిషి దీవిలో పరిగెత్తుకుంటూ రేవు మీదికి వచ్చేవాడు. వచ్చి, గాలం వేసి కూర్చున్న జిన్‌షుయ్‌తో "భోంచేశావా?" అనేవాడు. ఇద్దరూ చేపలు పట్టేవాళ్లు. తెలియని వాళ్లు వచ్చి పక్కన కూర్చునేవాళ్లు. వాంగ్‌లాయ్ వాళ్లని కూడా తిట్టేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. లోకంలో వాంగ్‌లాయ్ మొహం తిప్పుకోకుండా మనుషుల్ని చూసే చోటు అదొక్కటే మిగిలింది. అయిదింటికి "ఇవాళ్టికి చాలు" అనేవాడు. జిన్‌షుయ్ "రేపు మూడింటికి" అని టైపు చేసేవాడు. ఆదివారాలు కూడా జిన్‌షుయ్ కొండెక్కడం మానేశాడు. రేవులోనే కలిసేవాళ్లు.

ఇంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. తరవాత జిన్‌షుయ్ ఒక మంచిపని చేశాడు.

సంఘం సమావేశంలో, ప్రొజెక్టరు లొంగాక, తన పదకొండు రోజుల కథ చెప్పాడు. ఎనిమిది మీటలు చూపించాడు. పదిహేను మందీ చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. సంఘం అధ్యక్షురాలు ఫాంగ్ యీజెన్, హైస్కూల్లో లెక్కల పంతులమ్మ, లేచి నిలబడింది.

"లియావ్ అన్నా, ఇది మీ దగ్గరే ఉంచుకుంటే పాపం. ఊరందరికీ పెట్టండి."

"పెడతానమ్మా. అందుకేగా వచ్చింది."

"షరతులేమన్నా రాస్తారా?"

"ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చని రాస్తాను."

"ఏ పనికైనానా?" పంతులమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ఒకసారి ఆలోచించండన్నా."

"దారి పక్కన టీ కుండ పెట్టినవాడు తాగేవాడి ఊరూ పేరూ అడుగుతాడా పంతులమ్మా? పెట్టాక పెట్టినట్టే."

మళ్లీ చప్పట్లు. ఆ రాత్రికే పదకొండు రోజుల పని మొత్తం, ఎనిమిది వాక్యాలతో సహా, ఎవరైనా దించుకుని ఒక్క ఆజ్ఞతో ఎక్కించుకునేలా లోకం ముందు పెట్టాడు. వాక్యాలు మార్చుకోండని కింద రాశాడు. కింద రాసినది ఎవరు చదువుతారు?

మూడు వారాలకి మొహం ఎరగని ఒకాయన, తన పేరుతో సహా, దాని కింద రాశాడు: 'ధన్యవాదాలు సార్. చాలా బాగా పనిచేస్తోంది.' పదిహేడేళ్ల లినక్స్ సేవలో జిన్‌షుయ్‌కి వచ్చిన మొదటి ధన్యవాదం. కాగితం మీద అచ్చు వేసి, దుకాణం గోడకి, భూమి దేవుడి పటం పక్కన అంటించాడు.

ఆ వేసవిలో రేవు కిటకిటలాడటం మొదలైంది. ఒకరోజు నలుగురు కొత్త జాలరులు. వారం తిరిగేసరికి అరవై మంది. నిక్కరు, బనీను, గాలం, వరసగా గట్టు పొడుగునా. ఎంత మర్యాదస్థులని! ఒకడు పక్కవాడితో "భోంచేశావా?" అంటే, వాడు ఇటువైపు వాడితో "భోంచేశావా?" అనేవాడు. ఎవడూ జవాబు చెప్పడు. అందరూ కుశలం అడిగేవాళ్లే.

"చూశావుటరా వాంగ్‌లాయ్" అని టైపు చేశాడు జిన్‌షుయ్, ఒళ్లు పులకరించి. "లోకంలో ఇంకా పెద్దవాళ్ల భాష బతికే ఉంది."

"నీ మొహం!" అన్నాడు వాంగ్‌లాయ్.

ముప్పై నాలుగేళ్లు సరుకు ఎత్తినవాడు. డొల్ల పెట్టె ఏదో బరువు పెట్టె ఏదో పైనుంచి చూసి చెప్పగలడు. కాని ఎనిమిది మీటల్లో ఆ సంగతి చెప్పే మీట లేదు.

ఆ ఏడాది తొమ్మిదో నెలలో, ఒక గురువారం, మూడు దాటి పది నిమిషాలకి ఫోను మోగింది. దుకాణంలో ఎవరో గృహిణి ప్రింటరు పట్టుకుని నిలబడి ఉండటంతో జిన్‌షుయ్ ఇంకా ఆట తెరవనేలేదు. ఫోనులో సుమియాతి, సంరక్షణ కేంద్రంలో వాంగ్‌లాయ్‌ని చూసుకునే ఇండోనేసియా పిల్ల. ఏడేళ్లుగా కీలుంగ్‌లో ఉంటోంది. ఊరి భాష ఊరివాళ్లకన్నా గట్టిగా మాట్లాడుతుంది.

"పెదనాన్నా, తాతయ్య యంత్రం ఏదో ఎర్రగా రాసింది. తాతయ్య మంచం కొడుతున్నాడు. తొందరగా రా."

ప్రింటరునీ గృహిణినీ వసారాలో వదిలేసి జిన్‌షుయ్ వానలో కొండెక్కాడు. తెర మీద ఎర్ర పెట్టె. 'గౌరవనీయులైన ఆటగాడా! ఈ ఖాతాను మనిషి కాక యంత్రము నడుపుచున్నట్లు నిర్ధారించబడినది. శాశ్వతముగా మూసివేయడమైనది.'

వాంగ్‌లాయ్ మొదటి మీట నొక్కుతున్నాడు. భోంచేశావా. భోంచేశావా. భోంచేశావా. తెర మీద ఏ మాటా రావడం లేదు.

నిపుణుడన్నవాడు మొదట చూడవలసింది చూశాడు జిన్‌షుయ్. యంత్రం నెత్తిన పచ్చ పొట్లం లేదు. పసుపు పొట్లం ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే. పాతదానికి తేదీ దాటిపోయింది. కొట్లో పచ్చది లేదు, ఇది ఇచ్చాడు. తింటే అదే రుచిగా ఉంటుంది కూడా."

"పసుపా! యంత్రం మీద పసుపు పెడతావా? ఎర్ర దీపం, పసుపు దీపం, పచ్చ దీపం, ఏ దీపానికి బండి కదులుతుందో తెలియదూ? ఏడేళ్లుగా ఏం చూస్తున్నావమ్మా ఈ ఊళ్లో? వాడి బతుకు దీని మీదుంది!"

సుమియాతి పసుపు పొట్లం తీసి జేబులో పెట్టుకుంది. తువ్వాలుతో వాంగ్‌లాయ్ గడ్డం తుడిచింది. వాంగ్‌లాయ్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రెండేళ్ల తరవాత మళ్లీ మొదటిసారి.

జిన్‌షుయ్ దుకాణానికొచ్చి తన యంత్రం తెరిచాడు. దాని నెత్తిన పొట్లం పచ్చగా ఉంది. గడువు మరో అయిదు నెలలుంది. ఆట తెరవబోతే, 'అనుమతి లేని పరిసరములలో ఈ ఆట నడవదు' అని చెప్పి మూసుకుంది. పరిసరమంటే లినక్స్. మూడుసార్లు ప్రయత్నించాడు. పొట్లం దుమ్ము దులిపి నాలుగోసారి ప్రయత్నించాడు. పొట్లం సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. ఆ పిల్లని ఊరికే అన్నానన్న సంగతి గొంతులో చేపముల్లులా నిలిచింది. నిలిచిన ముల్లుతోనే సంఘానికి ఫోను చేశాడు.

పంతులమ్మే ఎత్తింది.

"అన్నా, మీరు వార్త చూడలేదా? దక్షిణాన ఎక్కడో ఒక గోదాములో మూడువందల కంప్యూటర్లు దొరికాయిట. మనుషుల్లేరు. అన్నీ ఆ ఆటలో చేపలు పడుతున్నాయి. పట్టి, ఆ ఆటలోని బంగారం బయట అమ్ముకుంటున్నారు. కంపెనీ వాళ్లు కాపలా ప్రోగ్రాం పెట్టి అందరినీ ఏరేశారు."

"దానికీ వాంగ్‌లాయ్‌కీ ఏమిటి?"

"ఆ మూడువందలూ లినక్సేనన్నా. పైకం పెట్టి సిస్టం కొనడమెందుకని. మీ పద్ధతే ఎక్కించారు. ఎనిమిది మీటలు, అవే ఎనిమిది వాక్యాలు. ఒక్క అక్షరం మార్చలేదు. దాన్ని బట్టే పట్టుకున్నారుట. ఎవడు 'భోంచేశావా' అంటే వాడు యంత్రం."

జిన్‌షుయ్ గోడవైపు చూశాడు.

"ఒకాయన ధన్యవాదాలు చెప్పాడమ్మా. మంచివాడు."

"పేరు చెప్పండి."

చెప్పాడు.

"గోదాము యజమాని ఆయనేనన్నా."

మర్నాడు జిన్‌షుయ్ లోకం ముందు పెట్టినది వెనక్కి తీసేశాడు. అప్పటికే ఆరువందల పై చిలుకు నకళ్లు తిరుగుతున్నాయి. టీ కుండ ఎత్తేయగలడు. తాగినవాళ్ల కడుపులోంచి టీ ఎత్తలేడు కదా. గోడ మీది కాగితం మాత్రం చింపలేదు. మొదటి ధన్యవాదం ఎంతైనా మొదటిది.

ఇక మిగిలింది అప్పీలు. కంపెనీ న్యాయమైనదే. తాను మనిషినని నిరూపించుకోవడానికి ప్రతి ఆటగాడికీ ఒక అవకాశం ఇస్తుంది. వాళ్లు ఫోను చేస్తారు. ఆరంకెల సంఖ్య ఒకటి ఇస్తారు. ఖాతాదారు దాన్ని స్పష్టంగా బయటికి చదవాలి.

జిన్‌షుయ్ డాక్టరు కాగితం పంపాడు. 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది' అని జవాబొచ్చింది. వాంగ్‌లాయ్ ఫొటో పంపాడు. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. మూడోసారి ఫోనే వచ్చింది. ఫోను వాంగ్‌లాయ్ నోటి దగ్గర పెట్టి, అంకెలు కాగితం మీద పెద్దగా రాసి ఎదురుగా పట్టుకున్నాడు. సుమియాతి వాంగ్‌లాయ్ మెడ కింద చేయి వేసి లేపి కూర్చోబెట్టింది.

"నమస్కారమండీ. సంఖ్య చదవండి" అంది అవతలి అమ్మాయి, చాలా మర్యాదగా.

వాంగ్‌లాయ్ మెడనరాలు ఉబ్బాయి. "ఆ" అన్నాడు. మళ్లీ "ఆ... ఆ" అన్నాడు. అలాంటివి సరిగ్గా ఆరు అన్నాడు. జిన్‌షుయ్ లెక్కపెట్టాడు.

"క్షమించాలి, శబ్దం సరిగా రావడం లేదండీ."

"వస్తోందమ్మా! ఆరంకెలు, ఆరూ చెప్పాడు! మనిషి కాకపోతే అలా ఎందుకు చెబుతాడు?"

"మీరు ఖాతాదారేనా అండీ?"

"నేను ఆయన స్నేహితుణ్ణి."

"అయితే మీరు చెప్పకూడదండీ. ఆయనే చెప్పాలి."

"ఆయన చెప్పలేడు గనకే కదా తల్లీ ఆ మీటలు!"

"మీటలు వాడకూడదనే కదండీ ఖాతా మూసింది" అంది అమ్మాయి. ఆమె మాటలో తప్పేమీ లేదు. జిన్‌షుయ్ అందులో తప్పు వెతికి వెతికి, దొరక్క, ఫోను పెట్టేశాడు. సాయంత్రానికి చీటీ వచ్చింది: 'పరిశీలనలో మనిషి గొంతు వినిపించలేదు. ఫైలు ముగించడమైనది.'

పది రోజులపాటు జిన్‌షుయ్ లినక్స్‌తో ఉచితంగా వచ్చే ఆటలన్నీ ఎక్కించి కొండమీదికి మోశాడు. చదరంగం పెట్టాడు. మంచు మీద జారే పెంగ్విన్ని పెట్టాడు. ఇటుకలు పేర్చేది పెట్టాడు. మంచి ఆటలే. వాటిలో మనుషులు లేరు. వాంగ్‌లాయ్ ఒక్కొక్కదాన్ని ఒక నిమిషం చూసి ఆరో మీట నొక్కేవాడు. దాని అర్థం 'వద్దు' అని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

పదకొండో రోజు జిన్‌షుయ్ కంప్యూటర్ల బజారుకి వెళ్లి, పెద్ద కంపెనీ సిస్టం ఎక్కించి ఉన్న కొత్త ల్యాప్‌టాపు పూర్తి ధర పెట్టి కొన్నాడు. దుకాణదారు బిల్లు రాస్తుంటే తల వంచుకుని నిలబడ్డాడు. వ్రతం చెడినవాడిలా అటూ ఇటూ చూసి, సంచీలో పెట్టి, పైన గొడుగు కప్పాడు.

కొండ మీద ముందు సుమియాతికి రెండు పచ్చ పొట్లాలిచ్చాడు.

"ఒకటి యంత్రానికి. ఒకటి నీకు. ఆవేళ ఊరికే అన్నానమ్మా. తప్పు నాదే. నేను పెట్టిన కుండే."

"ఏ కుండ?"

"ఏదోలే."

"సరేలే పెదనాన్నా" అని ఆమె పొట్లం తిప్పి చూసింది. "నాకైతే పసుపుదే ఇష్టం."

కొత్త యంత్రం తెరవగానే ఒప్పందాలు అడిగింది. జిన్‌షుయ్ పదిహేడేళ్లుగా ఇలాంటి ఒప్పందాలన్నిటినీ ఎగతాళి చేసినవాడు. ఇప్పుడు ఒక్కొక్కదాని కింద 'అంగీకరిస్తున్నాను' నొక్కాడు. పద్నాలుగుసార్లు. చివర్లో చదవడం కూడా మానేశాడు. ఆట మాత్రం ఒక్క దెబ్బకి ఎక్కింది. పదకొండు రోజులు కాదు, పదకొండు నిమిషాలు. సముద్రంతో సహా.

కొత్త ఖాతాకి పేరు అడిగింది. ఏడో నంబర్ క్రేన్ అని కొట్టాడు.

'ఈ పేరు వేరొకరు వాడుచున్నారు.'

"వేరొకరు కాదే, వీడే!" అన్నాడు జిన్‌షుయ్ తెరతో. అది వినలేదు. దయతలచి పేరు చివర 44 తగిలించి ఇచ్చింది. నాలుగు అన్న మాట చావు అన్నట్టు వినబడుతుందని, ఆసుపత్రి లిఫ్టులో నాలుగో అంతస్తుకి నాలుగని రాయని ఊరు. అక్కడ రెండు నాలుగులు, పక్కపక్కన. సుమియాతి తెర మీద ఆ అంకెలున్న చోట వేలు అడ్డం పెట్టింది. ఎంతసేపని పెడుతుంది?

ఏడో నంబర్ క్రేన్ 44, బనీను వేసుకుని, చేతిలో కర్రతో, కొత్తవాళ్లు పుట్టే పల్లెలో పుట్టాడు. చుట్టూ కుందేళ్లు. పల్లె దాటి రేవుకి పోయే దారిలో ఒక గేటు ఉంది. గేటు దగ్గర భటుడున్నాడు. వాంగ్‌లాయ్ రెండు వేళ్లతో, తడబడుతూ, నేరుగా గేటు దగ్గరికి నడిపించుకుపోయాడు.

"నలభయ్యో స్థాయికి చేరినవారికే రేవు ప్రవేశం" అన్నాడు భటుడు. "నీది ఒకటో స్థాయి."

రెండు చేతులున్న రోజుల్లోనే ఆ నలభైకి వాంగ్‌లాయ్‌కి ఏడాది పైన పట్టింది. ఇప్పుడు రెండు వేళ్లు. జిన్‌షుయ్ మనసులో లెక్క వేసి, దాన్ని పైకి చెప్పలేదు.

"కుందేళ్లని కొడదాంరా. మెల్లిగానే. నేను కూడా కొత్తవాడిగా పుడతాను. ఇద్దరం కలిసి కొడదాం. తొందరేముంది?"

వాంగ్‌లాయ్ మొదటి మీట నొక్కాడు. ఎనిమిది మీటల పథకం ఈ యంత్రంలో లేదు. ఉంటే కాపలా ప్రోగ్రాం మళ్లీ పట్టుకుంటుంది. జిన్‌షుయ్ ఆ సంగతి ఉదయమే చెప్పాడు, వాంగ్‌లాయ్ రెప్ప కూడా వేశాడు. అయినా నొక్కాడు. తెర మీది మనిషి ఏమీ అనలేదు. పక్కనుంచి ఎవడో కొత్త ఆటగాడు వచ్చి, "హలో, కొత్తా?" అని అడిగి, జవాబు కోసం కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

ఒక కుందేలు వచ్చి బనీను మనిషిని పొడిచింది. వాడు కర్ర ఎత్తలేదు.

వాంగ్‌లాయ్ చూపుడువేలు పైవరస వెంట నెమ్మదిగా కుడివైపు పాకింది. రెండేళ్లుగా రోజూ అయిదింటికి వెళ్లే చోటికే వెళ్లి ఆగింది. ఎనిమిదో మీట, 'ఇవాళ్టికి చాలు.' నొక్కాడు.

ఈ కొత్త ల్యాప్‌టాపులో ఆ మీట తెర వెలుతురు తగ్గిస్తుంది. పల్లె ఒక మెట్టు మసకబారింది. వాంగ్‌లాయ్ ఒక క్షణం చూసి, మళ్లీ నొక్కాడు. కుందేళ్లు మసకబారాయి. మళ్లీ. గేటు పోయింది. మళ్లీ. భటుడు పోయాడు. అలా ఒక్కొక్కటే, తొందరలేకుండా, తెర పూర్తిగా నల్లబడేదాకా నొక్కి, వేలు తీసేశాడు.

"అయ్యో పెదనాన్నా, కొత్తది కూడా పాడైపోయింది!" అంది సుమియాతి.

"పాడవలేదమ్మా" అన్నాడు జిన్‌షుయ్. "చెప్పాడు."

నల్లటి తెరలో ఇద్దరి మొహాలూ కనబడుతున్నాయి. పక్కపక్కన, బడిలో బల్ల మీద కూర్చున్నట్టు. జిన్‌షుయ్ గొంతు సవరించుకున్నాడు. టైపు చెయ్యడానికి ఏమీ లేదు గనక నోటితోనే అన్నాడు.

"రేపు మూడింటికి."

జిన్‌షుయ్ వాంగ్‌లాయ్ రెప్ప కోసం చాలాసేపు చూశాడు. తెరలోని రెండు మొహాల్లో ఒకటి మెల్లిగా గోడవైపు తిరిగింది.